పెళ్లికూతురి పసుపు

కనుమ రోజు మ్యాట్నీ. విజయనగరంలో ఓ సినిమా హాలు. లోపల ఇసకేస్తే రాలనంత జనం. తెర మీద పెళ్లి జరుగుతోంది. పెళ్లికూతురి బుగ్గ మీద పసుపు, తలంబ్రాల పళ్లెం, పందిట్లో బంతిపూల దండలు... అన్నీ నిండుగా ఉన్నాయి. అంతలో రీలు మారింది. పెళ్లి అదే. పందిరి అదే. పసుపు మాత్రం పాలిపోయింది. అందరి ముఖాల మీదా సన్నటి నీలిచాయ.

హాల్లో ఎవరూ పట్టించుకోలేదు. ఈలలు వేసేవాళ్లు వేస్తూనే ఉన్నారు. ఒక్క యువకుడి చేతిలో పల్లీల పొట్లం మాత్రం ఒళ్లోకి జారిపోయింది. పక్కనే కూర్చున్న తల్లి అతడి వైపు వంగింది.

‘పెళ్లికూతురి మొకం అలగ వాడిపోనాదేటిరా? పాపం, అమ్మని ఒదిలెల్లిపోతన్నానని బెంగెట్టుకున్నట్టుంది!’

ఆ తల్లికి అది కథ. కొడుక్కి తెలుసు, అది కథ కాదు. బ్రోమైడ్!

ఇది 1980ల నాటి ముచ్చట. ఆ యువకుడు ఇప్పుడు డెబ్భై దాటిన పెద్దమనిషి. మద్రాసులో కలర్ ల్యాబు కెమిస్టుగా పనిచేసి, రిటైరయ్యాక విజయనగరం వచ్చి స్థిరపడ్డారు. ఎన్నో సినిమాలు ఆయన చేతి లెక్క మీదుగా జనంలోకి వెళ్లాయి. ఒక్కదానిలోనూ ఆయన పేరు పడలేదు. దాని గురించి ఆయనకు బాధ లేదు. ఆ పాలిపోయిన పసుపు గురించే ఇప్పటికీ బాధ.

రాయి అబద్ధమాడదు

ఆయన సొంతూరు చీపురుపల్లి దగ్గర ఓ పల్లె. ఆయన పుట్టినప్పుడు అది శ్రీకాకుళం జిల్లా. 1979లో విజయనగరం జిల్లా ఏర్పడినప్పుడు ఇటు కలిసింది. గర్భాం, గరివిడి... ఆ చుట్టుపక్కలంతా మాంగనీసు నేల. తండ్రి గనిలో మేస్త్రీ. లారీకెత్తిన రాయి ధర గనిలో తేలదు, ల్యాబులో తేలుతుంది. గుట్టలోంచి తీసిన నమూనాను పొడి చేసి, ఆమ్లంలో కరిగించి, నూటికి ఎంత మాంగనీసు ఉందో లెక్క కడతారు. ఆ అంకెను బట్టే డబ్బు.

ఒకసారి ఆ అంకె దగ్గర పెద్ద తగవు వచ్చింది. ఇంటికొచ్చిన తండ్రి కాళ్లు కడుక్కుంటూ కొడుకుతో అన్నమాట ఆయనకు ఇంకా గుర్తుంది. ‘రాయి అబద్దమాడదురా. రాసినోడే ఆడతాడు.’

విజయనగరం మహారాజా కాలేజీలో బీఎస్సీ, ఆ తర్వాత వాల్తేరులో ఎమ్మెస్సీ. ఆంధ్రా యూనివర్సిటీ రసాయనశాస్త్ర విభాగానికి విశ్లేషణలో అప్పటికే గొప్ప పేరుంది. ప్రొఫెసర్ జి.గోపాలరావు, ఆయన శిష్యులు కొత్త కొత్త టైట్రేషన్ పద్ధతులు కనిపెట్టి ఆ పేరు తెచ్చారు. బ్యూరెట్‌లోంచి ఒక్కో చుక్కా వదులుతూ, రంగు మారే ఆ ఒక్క చుక్క కోసం ఊపిరి బిగబట్టి చూడటం ఆయనకు అక్కడే అలవాటైంది. చదువైపోయాక ఓ స్నేహితుడు మద్రాసు నుంచి ఉత్తరం రాశాడు. సినిమా ల్యాబులో కెమిస్టు ఉద్యోగం ఉందని. మెయిలెక్కేశారు.

‘సినిమాలో ఉద్యోగం’ అనగానే ఊళ్లోవాళ్లు అడిగింది ఒక్కటే... ‘ఎన్టీవోడ్ని సూసినావేటి?’ ఆయన చూసింది ట్యాంకుల్ని!

రోజూ అదే పులుసు

అప్పట్లో తెలుగు సినిమాలు చాలావరకూ కడిగేది, ప్రింట్లు వేసేది మద్రాసులోనే. జెమినీ ఉంది, విజయా ఉంది. మన ఎల్.వి.ప్రసాద్ 1976లో ప్రసాద్ ల్యాబ్ పెట్టారు. షూటింగ్ అయిన నెగటివ్ డబ్బాల్లో వచ్చేది. చీకటిగదిలో దాన్ని మిషన్‌కి ఎక్కిస్తే రోలర్ల మీదుగా ఒక్కో ట్యాంకులో మునుగుతూ, లేస్తూ వెళ్లేది. అందులో మొదటి ముఖ్యమైనది డెవలపర్. కంటికి కనిపించని బొమ్మను కనిపించేలా చేసేది అదే. ఆ తర్వాతి ట్యాంకుల్లో వెండి అంతా కరిగిపోయి రంగులు మాత్రమే మిగులుతాయి.

చిక్కంతా ఆ డెవలపర్‌తోనే. పులుసు కాచి, గరిటెడు గరిటెడు వడ్డిస్తూ, తగ్గినంత మళ్లీ పోస్తూ, నెలల తరబడి అదే గిన్నె పొయ్యి మీద ఉంచారనుకోండి. రోజూ రుచి ఒకేలా ఉండాలంటే ఎలా? ఫిల్ము అడుగడుగునా డెవలపర్‌లోని మందును కొంత తినేస్తుంది. తినేసి ఊరుకోదు, తనలోని బ్రోమైడ్‌ను అందులో వదిలేస్తుంది. బ్రోమైడ్ పెరిగితే డెవలపర్ మందగిస్తుంది. తగ్గితే దూకుడెక్కుతుంది. అందుకే ఫిల్ము నడుస్తున్నంతసేపూ పంపుల ద్వారా కొత్త ద్రావణం చేరుతూ ఉంటుంది. అది సరిపోతోందా లేదా చెప్పాల్సింది కెమిస్టు.

షిఫ్టుకోసారి ట్యాంకులోంచి నమూనా తీసేవారు. క్షారగుణం చూసేవారు. సాంద్రత చూసేవారు. రంగు తెప్పించే మందు ఎంతుందో సీరియం సల్ఫేట్‌తో టైట్రేషన్ చేసి తేల్చేవారు. బ్రోమైడ్‌ను సిల్వర్ నైట్రేట్‌తో పట్టుకునేవారు. ప్రింట్ల డెవలపర్‌లో సోడియం బ్రోమైడ్ లీటరుకు 1.72 గ్రాముల దగ్గర ఉండాలి. వేడి 36.7 డిగ్రీలు, దాదాపు మన ఒంటి వేడే. నెగటివ్‌కైతే 41.1. డిగ్రీలో పదో వంతు కన్నా ఎక్కువ తేడా రాకూడదు. ట్యాంకులో ఉండాల్సిన సమయం మూడంటే మూడు నిమిషాలు.

ఆ మూడు నిమిషాల్లోనే హీరోయిన్ చీర ఎర్రబడాలి. ఆకాశం నీలమవ్వాలి. పెళ్లికూతురి బుగ్గ మీద పసుపు పూయాలి.

ఆ రాత్రి

సంక్రాంతి సినిమా. పదుల కొద్దీ ప్రింట్లు వెళ్లాలి. రాత్రి షిఫ్టులో కెమిస్టు ఆయనొక్కరే. షిఫ్టు మొదట్లో పరీక్ష కోసం వేసిన ఫిల్ము ముక్క బాగానే వచ్చింది. అర్ధరాత్రి దాటాక తీసిన నమూనాలో బ్రోమైడ్ 1.95 చూపించింది. ఎక్కువ. మళ్లీ చేశారు. 1.75 వచ్చింది. పర్లేదు. మొదటిది తప్పా? రెండోది తప్పా? మూడోసారి చేస్తేగానీ తెలియదు. ఈలోగా బయట్నుంచి పిలుపు... ‘ఏం సార్, రన్ చేయమంటారా, వద్దా?’

రిజిస్టర్‌లో 1.75 అని రాసి సంతకం పెట్టారు.

తెల్లవారి వేసిన పరీక్ష ముక్కలో తేడా బయటపడింది. పంపు సరిచేశారు. అప్పటికే రాత్రి తీసిన రీళ్లు కొన్ని పెట్టెల్లో సర్దేసి, రైలెక్కించేశారు. ప్రింట్ ఫిల్ములో మూడు రంగుల పొరలుంటే, పసుపు పొర అన్నిటికన్నా అడుగున ఉంటుంది. డెవలపర్ మందగించిందంటే ఆ లోపలి పొర దాకా సరిగ్గా అందదు. పసుపు తగ్గితే బొమ్మ నీలానికి తిరుగుతుంది. మంచి రీలు పక్కన ఆ రీలు పడితే... ముహూర్తం మధ్యలో పెళ్లికూతురు వాడిపోతుంది!

వందల మైళ్ల అవతల, అదీ సొంత ఊరి పక్కన, అదీ అమ్మను తీసుకెళ్లిన సినిమాలోనే ఆ రీలు ఆయన కళ్లబడింది.

‘నా తప్పేనమ్మా’ అని అప్పుడే చెప్పేద్దామనుకున్నారు. తీరా చూస్తే తల్లి పెళ్లికూతురి కోసం కొంగుతో కళ్లొత్తుకుంటోంది. చెప్పలేకపోయారు.

మూడోది

మద్రాసు వెళ్లగానే చీఫ్ కెమిస్టు గదిలోకి వెళ్లి జరిగింది చెప్పారు. ఉద్యోగం పోతుందనుకున్నారు. ఆ పెద్దాయన ఆ రాత్రి గ్రాఫ్ తెప్పించి చూశారు. పసుపు గీత కిందికి జారి ఉంది.

‘అంకె తప్పు రావడం తప్పు కాదయ్యా. నీకు నచ్చిన అంకె రాశావు చూడు, అదీ తప్పు. మూడోది ఎందుకు చేయలేదు?’

సమాధానం లేదు. ఆ క్షణంలో ఆయనకు చెవుల్లో వినిపించింది కాళ్లు కడుక్కుంటున్న నాన్న గొంతు.

ఆ తర్వాత కొన్నేళ్లకు మళ్లీ అలాంటి రాత్రే వచ్చింది. ఈసారి ప్రింటు కాదు, నెగటివ్. ప్రింటు పాడైతే ఇంకోటి వేసుకోవచ్చు. నెగటివ్ పాడైతే ఆ షూటింగ్ జరగనట్టే. ఔట్‌డోర్ నుంచి వచ్చిన డబ్బాలు వరుసగా పేర్చి ఉన్నాయి. నమూనాలో రంగు మందు తక్కువ చూపించింది. రెండోసారి సరిపోయినట్టే వచ్చింది. ఆయన మూడో ఫ్లాస్కు అందుకున్నారు.

తక్కువే.

‘మిషన్ ఆపండి.’

నిర్మాత తరఫు మనిషి కేకలేశాడు. పొద్దున్నే రషెస్ చూపించాలన్నాడు. ‘ఆ నీళ్లేవో కొంచెం అటూ ఇటూ అయితే ఏమైపోతుందయ్యా!’ అన్నాడు. ఈయన కదల్లేదు. వెతికితే, కొత్తగా కలిపిన ద్రావణంలో మందు సగమే వేసినట్టు తేలింది. మళ్లీ కలిపి, మళ్లీ పరీక్షించి, మొదటి డబ్బా ఎక్కించేసరికి నాలుగు గంటలు పట్టింది. నెగటివ్ చక్కగా వచ్చింది.

‘నాలుగు గంటలు దండగ’ అనేసి వెళ్లిపోయాడు నిర్మాత మనిషి. ఏమీ జరగనప్పుడు మెచ్చుకునేది దేన్ని? కెమిస్టు గెలుపంటే అదే మరి, ఏమీ జరగకపోవడం!

మిగిలింది నెగటివే

కాలం మారింది. కొడాక్ 2012లో దివాలా పిటిషన్ వేసింది. ఫ్యూజీ 2013లో సినిమా షూటింగ్ ఫిల్ము తయారీ మానేసింది. హాళ్లలోకి డిజిటల్ వచ్చింది. విజయనగరం హాలుకు ఇప్పుడు రీళ్ల పెట్టెలు రావు.

మరి అప్పుడు పడ్డ తంటాలన్నీ వృథాయేనా? కాదంటారాయన. పాత సినిమాను ఈనాటి తెర మీదికి తేవాలంటే నెగటివో, మంచి ప్రింటో కావాలి కదా. ‘మాయాబజార్’కు 2010లో రంగులద్దినప్పుడు, నెగటివ్ బాగాలేని భాగాలు కొన్ని వదిలేయాల్సి వచ్చింది. ఫిల్మును ఎంత జాగ్రత్తగా దాచినా, కడిగిన రోజున నీళ్లు చాలక హైపో మిగిలిపోతే ఏళ్ల తర్వాత బొమ్మ చెడిపోతుంది. అందుకే కడిగిన ఫిల్ములో హైపో ఎంత మిగిలిందో కూడా కొలిచేవారు. అప్పుడు నిజాయితీగా రాసిన అంకెలు ఇప్పటికీ పనిచేస్తూనే ఉన్నాయన్నమాట.

ఈ మధ్య ఓ ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో టీవీ నడుస్తోంది. మనవరాలు ఛానళ్లు మారుస్తుంటే ఆ సినిమానే తగిలింది. ‘ఉంచమ్మా’ అన్నారాయన. పందిరి వచ్చింది. బంతిపూలు వచ్చాయి. రీలు మారాల్సిన చోటు ఆయనకు గుర్తే. కుర్చీలో ముందుకు జరిగారు.

ఏమీ మారలేదు. ఇది ఆ రాత్రి ప్రింటు కాదు మరి. పెళ్లికూతురి బుగ్గ మీద పసుపు చివరిదాకా అలాగే మెరుస్తోంది.

గోడ మీద తల్లి ఫొటో ఉంది. ఆయన అటు చూశారు. ఇన్నేళ్లుగా గొంతులోనే ఉండిపోయిన మాట అప్పుడు బయటికొచ్చింది.

‘ఆ పిల్ల బెంగెట్టుకోలేదే అమ్మా. అప్పుడు మూడోది చెయ్యలేదు నేను.’