నారింజ తల రాయి

కిలోమీటరు రాయిని అందరూ దూరం తెలుసుకోవడానికి చూస్తారు. సరదాకి సైకిలు తొక్కేవాళ్లు మాత్రం ముందు దాని తల రంగు చూడాలి. పసుపు తలైతే జాతీయ రహదారి, ఆకుపచ్చ అయితే రాష్ట్ర రహదారి, నారింజ అయితే ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద వేసిన పల్లె రోడ్డు. నేను సైకిలు తొక్కే మైలవరంలో మొదట ఎదురయ్యేది పసుపే. ఎక్కడో ఉత్తరాఖండ్‌లోని సితార్‌గంజ్ దగ్గర బయల్దేరిన 30వ నంబరు జాతీయ రహదారి జగదల్‌పూర్, భద్రాచలం, తిరువూరు దాటుకుని ఇక్కడికొస్తుంది. ఇంకాస్త ముందుకెళ్లి ఇబ్రహీంపట్నంలో ఆగిపోతుంది. దాని మీద సైకిలు తొక్కడమంటే వెనక వచ్చే ప్రతి లారీ దయాదాక్షిణ్యాల మీద బతకడమే. అందుకే నేను దానికో నమస్కారం పెట్టి వెల్వడం వైపో, పుల్లూరు వైపో, మొర్సుమిల్లి వైపో తిరిగిపోతుంటాను.

ఫ్రాన్సులో ఈ రంగుల లెక్క తిరగబడుతుంది. అక్కడ ఎర్ర తల రాయి జాతీయ రహదారిది, పసుపు తల రాయి జిల్లా రోడ్డుది. అక్కడి సైకిలిస్టు పసుపు రాయి కనబడితే హమ్మయ్య అనుకుంటాడు. ఆ అలవాటు కొద్దీ మన దగ్గర కూడా పసుపు రాయినే నమ్ముకుంటే, సాయంత్రానికి అతనికి ఇసుక లారీల వెనక రాసిన సూక్తులన్నీ కంఠతా వచ్చేస్తాయి.

ప్రపంచంలో సైకిలు మీద ఊళ్లు తిరగాలనుకునేవాళ్లు ముందుగా కలవరించేది ఆ ఫ్రెంచి పల్లె దారులనే. జిల్లాల చేతిలో ఉన్న రోడ్లే అక్కడ సుమారు 3 లక్షల 80 వేల కిలోమీటర్లు. అవి కాక ఊళ్ల రోడ్లు ఇంకా ఎక్కువ. టైర్లు అమ్ముకునే మిషెలిన్ కంపెనీ 1910 నుంచి ఆ దేశం మొత్తానికీ రోడ్డు మ్యాపులు అచ్చువేస్తూ వచ్చింది. వాటిలో పెద్ద రోడ్లు ఎర్రగీతలు, వాటి తర్వాతివి పసుపు గీతలు, చిన్న రోడ్లు తెల్లగీతలు. చూడముచ్చటైన దారి అయితే గీత పక్కనే ఆకుపచ్చ అంచు వేస్తారు. తెల్లగీతకు ఆకుపచ్చ అంచు కనబడిందంటే అక్కడి సైకిలిస్టుకు అంతకంటే కావలసింది లేదు. ఊరి బయట సైకిలును దాటే కారు కనీసం మీటరున్నర ఎడం పాటించాలని అక్కడ చట్టం. మనకు ఆ మీటరున్నర హారనులోనే ఇమిడి ఉంటుంది.

అయితే ఆ ప్రశాంతతకు వెనక ఒక కథ ఉంది. వేగంగా పోయేవాళ్లకు వేరే టోల్ రోడ్లు వేశాక పాత రోడ్లు ఖాళీ అయ్యాయి. అదే కాలంలో పల్లెలూ ఖాళీ అయ్యాయి. ఈశాన్యాన మ్యూజ్ నుంచి నైరుతిలో లాండ్ దాకా దేశాన్ని ఏటవాలుగా కోసే పట్టీ ఒకటుంది. అక్కడ జనం ఎంత పలచనంటే దానికి ఖాళీ పట్టీ అనే పేరు పడిపోయింది. బడి మూతపడ్డ ఊళ్లు, రొట్టెల కొట్టు లేని ఊళ్లు అందులో చాలా ఉన్నాయి. సైకిలిస్టు మురిసిపోయే నిశ్శబ్దంలో కొంత, ఊరు వదిలి వెళ్లిపోయినవాళ్లు వదిలేసి వెళ్లిందే.

మైలవరం పక్క దారుల నిశ్శబ్దం ఆ జాతిది కాదు. గ్రామ సడక్ యోజన 2000 డిసెంబరు 25న మొదలైంది. మైదాన ప్రాంతంలో 500 మంది జనాభా ఉన్న ప్రతి ఆవాసానికీ అన్ని కాలాల్లోనూ నడిచే రోడ్డు ఉండాలన్నది లెక్క. తారు వెడల్పు మామూలుగా మూడుముప్పావు మీటర్లు, అంటే 3.75. ఎదురుగా ట్రాక్టరు వస్తే ఎవరో ఒకరు మట్టిలోకి దిగాల్సిందే. అలాంటి రోడ్డు ఎక్కడికో పోయే లారీకి దగ్గరి దారి కాదు. దాని మీదికి వచ్చేది ఆ ఊరివాళ్లు, ఆ ఊళ్లో పని ఉన్నవాళ్లు, పనేమీ లేని నాలాంటివాళ్లు. ఇంజన్ల చప్పుడు లేదంతే, మనుషుల చప్పుడు కావలసినంత.

ఈ దారుల్లో వేగ పరిమితి పెట్టేది గేదె. అది రోడ్డు మధ్యలో ఆలోచనలో పడితే కలెక్టరు కారైనా ఆగుతుంది. మొక్కజొన్న కోతలైతే రోడ్డే కళ్లం. సగం తారు మీద గింజలు ఆరబోసి, అంచున రాళ్లు పేర్చి, చింతచెట్టు కింద ఒక ముసలమ్మ కాపలా కూర్చుంటుంది. ఆమె చూపు దాటి ఒక్క గింజ మీదికి టైరు ఎక్కించే ధైర్యం నాకు లేదు. బడి వదిలే వేళకు యూనిఫాం పిల్లలు ముగ్గురేసి పక్కపక్కనే సైకిళ్లు తొక్కుతూ రోడ్డంతా ఆక్రమిస్తారు. వాళ్ల కబుర్లు అయ్యేదాకా వెనకాలే నెమ్మదిగా పోవడమే మర్యాద.

ఇక్కడి సైకిలు పంచాంగం మామిడి చెట్టు చేతిలో ఉంటుంది. పుష్యమాసం నుంచి పూత. తెల్లవారుజామున ఎర్రనేల తోటల మధ్య పోతుంటే ఆ వాసన మెత్తగా, కాస్త పుల్లగా ముక్కుకు తగులుతుంది. దాన్ని పట్టుకుని కవిత్వం అల్లేలోపు తేనెమంచు పురుగు కోసం కొట్టే మందు ఘాటు వచ్చి నోరు మూయిస్తుంది. తోట మీద అప్పు చేసినవాడికి పూత పరిమళం కాదు, పూచీకత్తు. ఈ మధ్య కొన్ని తోటల్లో కాయలకు కాగితపు కవర్లు తొడుగుతున్నారు. దూరం నుంచి చూస్తే చెట్టు ఉత్తరాలు కాసినట్టుంటుంది.

ఏప్రిల్ నుంచి కోత. చిక్కాలు పట్టుకున్న కూలీలు, ప్లాస్టిక్ ట్రేలు, నున్న మార్కెట్టుకు పరుగెత్తే మినీ లారీలు. ఆ రెండు నెలలూ దారులు వాళ్లవి. సైకిలు బయటికి తీస్తే తెల్లవారకముందే తీయాలి, ఎనిమిదిన్నరకల్లా నీడ పట్టాలి. గాలివాన వచ్చిన మర్నాడు మాత్రం తోట గట్టు మీద రాలుకాయలు గోనెపట్టాల మీద పోసి అమ్ముతారు. క్యారియర్‌కు సంచీ కట్టుకెళ్లడం మంచిది. పండిన చిన్నరసం చేతికిస్తే సైకిలు దిగి తినాల్సిందే. మోచేతిదాకా రసం కారకుండా దాన్ని జుర్రుకునే మొనగాణ్ని నేనింకా చూడలేదు.

ఫ్రాన్సులో సైకిలు తొక్కేవాళ్లు కాలవగట్లనూ వదలరు. తులూజ్ నుంచి మధ్యధరా సముద్రం వైపు 240 కిలోమీటర్లు పారే కెనాల్ దు మిదీని పియెర్ పాల్ రికే అనే ఆయన తవ్వించడం మొదలుపెట్టాడు. ఆయన చనిపోయిన మరుసటి ఏడాది, 1681లో, అది పూర్తయింది. పడవలను తాళ్లతో లాగిన గుర్రాల బాట ఇప్పుడు సైకిళ్ల బాట. మన మెట్టకు నీళ్లు తెచ్చేది నాగార్జునసాగర్ ఎడమ కాలువ. దాని కొమ్మ కాలవల గట్లు కూడా సైకిలుకు అనువైనవే, తుమ్మముళ్ల సంగతి మరిచిపోగలిగితే. కాకపోతే ఇది కాలువ చివరి ఆయకట్టు. ఇక్కడి రైతు గట్టు మీదికి వచ్చేది షికారుకు కాదు, నీళ్లొచ్చాయో లేదో చూసుకోవడానికి. మైలవరం గుట్టల్లో పుట్టే బుడమేరు కూడా వేసవిలో అమాయకంగా కనిపిస్తుంది. 2024 సెప్టెంబరులో విజయవాడ కాలనీలను ముంచింది ఈ వాగేనంటే నమ్మబుద్ధి కాదు.

సైకిలు షికారుకు ఆదిగురువు అనదగిన ఫ్రెంచివాడు పాల్ ద వివీ. వెలోసియో అన్న కలం పేరుతో ప్రసిద్ధుడు. 1853లో పుట్టి 1930లో పోయాడు. 1887లో సెంతెతియెన్ పట్నం నుంచి సైకిలు పత్రిక పెట్టాడు, గేర్ల కోసం జీవితమంతా వాదించాడు. ఆయన నియమాల సారం ఇది: ఆకలి వేయకముందే తిను, దాహం వేయకముందే తాగు, అలసిపోయేదాకా తొక్కకు, గొప్పకోసం అసలు తొక్కకు. తొక్కేటప్పుడు మాంసం, మద్యం, పొగాకు దగ్గరికి రానివ్వొద్దన్నాడు. శాకాహారి. మైలవరంలో ఇడ్లీ బండి దగ్గర ఆయనకు ఏ ఇబ్బందీ ఉండేది కాదు.

ఇబ్బందల్లా టీ కొట్టు దగ్గర ప్రశ్నలకు జవాబు చెప్పడంలో ఉండేది.

“ఎక్కడిదాకా బాబూ?”

“ఊరికే తాతా, ఇట్టా ఒక చుట్టు.”

“పని మీద కాదా?”

“కాదు.”

“మరి బండి లేదా?”

ఉంది అంటే పిచ్చివాడి కింద లెక్క. లేదంటే జాలి. ఆ తర్వాత సైకిలు ధర అడుగుతారు. నిజం చెబితే రెండూ కలిపి చూస్తారు.

ఇప్పుడు మన నగరాల్లోనూ ఫ్రెంచి పద్ధతి దూరపు సవారీలు జరుగుతున్నాయి. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో, 600 అయితే నలభై గంటల్లో ముగించాలి. వాటి మూలపురుషుడు, 1891లో పుట్టిన పారిస్–బ్రెస్ట్–పారిస్, పల్లెల మీదుగా 1200 కిలోమీటర్లు తిరుగుతుంది. మనవాళ్లు మాత్రం ఎక్కువగా నాలుగు లైన్ల రోడ్డెక్కుతారు. గుంతలు లేని తారు అక్కడే దొరుకుతుంది మరి.

అసలు చిక్కు అక్కడే ఉంది. నా షికారు కోసం పల్లె రోడ్డు ఇరుగ్గానే ఉండాలని కోరడం అన్యాయం. కాయ తోలే రైతుకు వెడల్పు కావాలి, కాన్పుకు పోయే మనిషికి వేగం కావాలి. కానీ చాలా ఊళ్లలో ఇబ్బంది వెడల్పుతో కాదు, బాగుచేతతో వస్తోంది. గ్రామ సడక్ రోడ్డును వేసిన కాంట్రాక్టరే ఐదేళ్లు చూసుకోవాలి. ఆరో ఏడు నుంచి దాని ఆలనాపాలనా డబ్బు ఎప్పుడు విదిల్చితే అప్పుడే. ఫ్రాన్సు నుంచి మనం నేర్చుకోవలసింది చిన్న రోడ్డుకు కూడా ఏటా అతుకులు వేసే ఓపిక. దాని కోసం ప్రత్యేకంగా సైకిలు దారులు గీయనక్కర్లేదు. ఉన్న గుంతలు పూడ్చి, ఉన్న చింతచెట్లు కొట్టేయకుండా ఉంటే అంబులెన్సు, మామిడి ట్రాక్టరు, బడిపిల్ల, నేను, అందరం ఒక్క ఖర్చుతోనే బాగుపడతాం.