ముల్లు కదలని బస్సు

విజయవాడ ఆటోనగర్‌కు వెళ్లేవారు సాధారణంగా లారీకి బాడీ కట్టించుకోవడానికో, ఇంజను బోరు చేయించుకోవడానికో వెళ్తారు. పాస్టర్లు వెళ్లడం తక్కువ. 2024 జనవరిలో, సంక్రాంతి వెళ్లిన వారంలో, నేను మూడు రోజులు అక్కడ ఉండవలసి వచ్చింది. మా సంఘపు వైద్య పరిచర్య బస్సుకు మీటర్లు బాగు చేయించడమే పని. అయితే ఆ మూడు రోజుల ముచ్చట రాసే ముందు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. అది దాచి రాస్తే, మా డ్రైవరన్న ఈ పత్రిక చదివేటప్పుడు నేను ఆయన ముఖం చూడలేను.

ఆ బస్సును మేము 2022లో కొన్నాము. ఒక కాలేజీ వారు విద్యార్థులను తిప్పి తిప్పి పక్కన పెట్టిన డీజిల్ బస్సు. ఆరు సిలిండర్ల ఇంజను, గాలి బ్రేకులు. స్త్రీల సమాజం వారు పూటపూటా తీసిపెట్టిన పిడికెడు బియ్యం అమ్మిన సొమ్ము, యౌవనస్థులు వరి కోతలకు కూలికి వెళ్లి తెచ్చిన సొమ్ము అందులో ఉన్నాయి. సీట్లు తీయించి ఒక మంచం, మందుల బీరువాలు, కళ్లు పరీక్ష చేసే మూల, వెనుక జనరేటరు పెట్టించాము. (ఇలా చేయదలచిన సంఘాలకు ఒక మాట. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పుస్తకంలో ఉన్నదానికి భిన్నంగా బండిని మార్చాలంటే రవాణా శాఖ అనుమతి కావాలి. ఆ కాగితాల పని ముందే చూసుకోండి.) డ్రైవరు ముందుండే పాత రేకు పలక తుప్పు పట్టి చూడ్డానికి బాగాలేదని తీయించి, ప్లైవుడ్ మీద సన్‌మైకా అంటించి, మధ్యలో ఆంప్లిఫయరు బిగించాము. బయట రెండు వైపులా యోహాను 3:16 నీలి అక్షరాలతో రాయించాము. అన్నీ నేనే దగ్గరుండి చేయించాను.

ఆ రోజు నుండి మీటర్లు లేవలేదు. డీజిల్ ముల్లు, వేడి ముల్లు, ఆయిలు ముల్లు, గాలి ముల్లు, అన్నీ పడుకునే ఉన్నాయి. డ్రైవరన్న ట్యాంకులో కర్ర ముంచి డీజిల్ చూసుకునేవాడు. "అయ్యగారూ, ముళ్లు లేవడం లేదండి" అని నాతో మూడుసార్లు చెప్పాడు. మొదటిసారి పండుగ అయ్యాక చూద్దామన్నాను. రెండవసారి మైకు సెట్టుకు డబ్బు అయిపోయిందన్నాను. మూడవసారి, మనల్ని నడిపించేది మీటర్లు కాదు కదా అన్నాను. అని నవ్వాను కూడా. ఆయన నవ్వలేదు.

2023 నవంబరులో మారేడుమిల్లి మీదుగా చింతూరు వైపు వెళ్తున్నాము. రాజమండ్రి నుండి గోకవరం, రంపచోడవరం దాటి మారేడుమిల్లి చేరేసరికి ఎండ ఎక్కింది. ఆ దారి చూడనివారికి చెప్పడం కష్టం. రెండు వైపులా వెదురు పొదలు, మలుపు మలుపుకూ చల్లగాలి, రోడ్డు పక్కన వెదురు బొంగుల్లో కోడికూర కాల్చి అమ్మేవారి నిప్పులు, బుట్టలు నెత్తిన పెట్టుకుని నడిచే కొండరెడ్డి స్త్రీలు. మేము పాటలు పాడుకుంటున్నాము. ఆ పాటల్లోనే ఫ్యాను బెల్టు తెగిన చప్పుడు ఎవరికీ వినపడలేదు. బెల్టు తెగితే నీటి పంపు తిరగదు. ఇంజనులో నీళ్లు ఉన్నచోటనే ఉండి ఉడుకుతాయి. వేడి మీటరు పనిచేసి ఉంటే ఆ సంగతి డ్రైవరుకు వెంటనే తెలిసేది. మాకు తెలిసింది కాలిన వాసన వచ్చాకే.

బస్సు ఆపి మూత తీయవద్దు, చల్లారనిద్దామని డ్రైవరన్న అన్నాడు. అవతల ఊరిలో రోగులు ఉదయం నుండి కూర్చున్నారు. తొందర పెట్టింది నేనే. రేడియేటరు మూత సగం తిరిగిందో లేదో, నీళ్లు ఆవిరై ఎగజిమ్మి ఆయన కుడి చేయి మోచేతి వరకు కాలిపోయింది. మా నర్సమ్మగారు ఇరవై నిమిషాలు చల్లని నీళ్లు పోస్తూనే ఉన్నారు. వెనుక వచ్చిన జీపులో ఆయనను రంపచోడవరం ఆసుపత్రికి తీసుకువెళ్లాము. బస్సు ఆ రాత్రి ఘాటులోనే ఉండిపోయింది.

సంఘ కమిటీలో ఒక పెద్దాయన, వేడి మీద మూత తీయకూడదని డ్రైవరుకు తెలియదా అన్నారు. నేను ఒక నిమిషం మౌనంగా ఉన్నాను. ఆ ఒక్క నిమిషం గురించి ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంది. తరువాత లేచి, తీయమన్నది నేను, మీటర్లు వద్దన్నదీ నేనేనని చెప్పాను. ఆదివారం సంఘం ఎదుట కూడా చెప్పాను. చేయి మానే వరకు ఆయన జీతం ఆపకూడదని తీర్మానం అయింది. మీటర్లకు వేరుగా కానుక పట్టాము.

అలా ఆటోనగర్ చేరాము. పాత బందరు రోడ్డుకూ హైవేకూ మధ్యన పరుచుకున్న ఆ ఊరి పూర్తి పేరు జవహర్ ఆటోనగర్. నిజంగా అది ఒక ఊరే. తెల్లవారితే సుత్తి దెబ్బలే కోడికూతలు. ఒక వీధిలో కమాన్లు, ఒక వీధిలో రేడియేటర్లు, ఒకచోట సీట్లు కుట్టేవారు, ఒకచోట టైర్లకు కొత్త రబ్బరు వేసేవారు. విప్పిన ఇంజన్లు అరుగుల మీద పెట్టి పక్కనే ఇడ్లీలు తింటుంటారు. పెయింటింగు షాపులో మూడు లారీల ముఖాలు వరుసగా ఆరుతున్నాయి. ఒకదాని మీద సిలువ, ఒకదాని మీద ఓం, ఒకదాని మీద 786. రాసినది ఒకే కుర్రవాడు.

మీటర్ల షాపు ఒక సాయిబుగారిది. అరవై దాటిన మనిషి. "రండి ఫాదర్ గారూ" అన్నారు. నేను ఫాదర్‌ను కాదు, పాస్టరునని రెండుసార్లు చెప్పి మానేశాను. నేను కొత్త మీటర్లు ఎంత అని అడిగాను. ఆయన నా వైపు చూడలేదు. డ్రైవరన్న చేతి మచ్చ వైపు చూసి, "బాబాయ్, ఎలా అయింది?" అని అడిగారు. ఆ తరువాతనే బస్సు ఎక్కారు.

మొదట బ్యాటరీల దగ్గరకు వెళ్లారు. మా బస్సుకు 12 వోల్టులవి రెండు వరుసగా కలిపి 24 వోల్టులు. ఆంప్లిఫయరు 12 వోల్టులది గనుక, బిగించినవారు ఒక్క బ్యాటరీ నుండే దానికి తీగ లాగారు. అలా చేస్తే ఒక బ్యాటరీ ఎప్పుడూ ఆకలితో ఉంటుంది, రెండవదానికి అజీర్తి చేస్తుంది అన్నారు సాయిబుగారు. 24ను 12గా మార్చే చిన్న పెట్టె పెట్టించారు. డీజిల్ మీటరు స్థానంలో ఎవరో పెట్టిన 12 వోల్టుల మీటరు లోపల కాలిపోయి ఉంది.

తరువాత నా ప్లైవుడ్ పలక దగ్గరకు వచ్చారు. చేత్తో తట్టి, "ఇది ఎవరు పెట్టించారు?" అన్నారు. నేనే అన్నాను. బండిలో కరెంటు ఒక తీగలో వస్తుంది, తిరిగి వెళ్లేది ఇనుప బాడీ గుండా. దానినే ఎర్త్ అంటారు. పాత రేకు పలకకు బిగించిన మీటర్లకు ఆ రేకే ఎర్త్. చెక్కలో బిగిస్తే దారి లేదు. అందంగా ఉండాలని నేను చేయించిన పలకే అన్ని ముళ్లనూ పడుకోబెట్టింది. ఛాసిస్ నుండి ఒక్క నల్ల తీగ లాగి మీటర్లన్నిటి వెనుకకు కలిపారు. తాళం తిప్పగానే రెండు ముళ్లు ఉలిక్కిపడి లేచాయి. దానికి తీగ ఖర్చు వంద రూపాయలు కాలేదు.

రెండవ రోజంతా వేడి మీటరుతో గడిచింది. ఇంజనుకు బిగించే చిన్న ఇత్తడి ముక్క ఒకటి ఉంటుంది, సెండరు అంటారు. వేడి పెరిగేకొద్దీ దానిలో కరెంటుకు అడ్డు తగ్గుతుంది, ముల్లు పైకి పోతుంది. సాయిబుగారు సెండరు తీగ విప్పి ఒక్క క్షణం ఇనుముకు తాకించారు. ముల్లు చివరి వరకు పోయింది. మీటరు, తీగ బాగానే ఉన్నాయి, లోపం సెండరు దగ్గరే అన్నారు. విప్పి చూస్తే, నీరు కారకుండా దాని మరల చుట్టూ ఎవరో తెల్ల టేపు మందంగా చుట్టారు. అదీ ఎర్త్‌కు అడ్డే. టేపు తీసి ఎదురుగా టీ కొట్టుకు తీసుకువెళ్లి, టీ ఆయనను బతిమాలి, మరిగే నీళ్ల గిన్నెలో థర్మామీటరుతో పాటు ముంచి, నీళ్లు చల్లారేకొద్దీ అంకెలు రాసుకున్నారు. వచ్చినవారందరూ ఏమి టీ ఇది అని అడిగారు.

డీజిల్ మీటరు కథ మాత్రం మాకు భయం పుట్టించింది. కొత్తది పెడితే నిండు ట్యాంకుకు ఖాళీ అని చూపించింది. మీటర్లలో జాతులు ఉన్నాయట. అమెరికా పద్ధతిలో ట్యాంకు ఖాళీ అయితే 240 ఓములు, నిండితే 33. ఐరోపా వారి వీడీవో పద్ధతిలో ఖాళీకి 10, నిండితే 180. ఒకదాని తేలుబంతికి రెండవదాని మీటరు కలిపితే మాట తలకిందులవుతుంది. నిండినప్పుడు ఖాళీ అంటే ఫరవాలేదు. ఖాళీ అయినప్పుడు నిండుగా ఉందంటుంది, అడవిలో ఆగుతారు అన్నారు. మీటరుకు సరిపడే తేలుబంతిని పాత సామాన్ల కొట్లలో వెదకి తేవడానికి సాయంత్రమైంది.

ఆయిలు మీటరు దగ్గర ఆయన తొందరపడలేదు. మీటరును నమ్మే ముందు, గొట్టంతో నేరుగా బిగించే వేరే గేజీ పెట్టి ఇంజనులో ఒత్తిడి నిజంగా ఉందో లేదో చూశారు. ఉంది. పదిమంది కన్యకల దివిటీలలోని నూనె గురించి నేను ఎన్ని ప్రసంగాలు చేశానో లెక్క లేదు. మా ఇంజనులో నూనె ఒత్తిడి ఉందో లేదో ఏడాది పాటు చూసుకోలేదు.

మూడవ రోజు గాలి మీటరు. దానికి కరెంటు కాదు, సన్న గొట్టంలో గాలే వచ్చి ముల్లును తోస్తుంది. ముందు బ్రేకులకు ఒకటి, వెనుక బ్రేకులకు ఒకటి, రెండు ముళ్లు. పలక మార్చినప్పుడు ఆ గొట్టాల చివరల్లో బోల్టులు కొట్టి మూసేశారు. గాలి తగ్గితే మోగే బజరు తీగ తెంచి చుట్ట చుట్టి పెట్టారు. సాయిబుగారు ఆ తీగ నా చేతికిచ్చి, "ఘాటు దిగేటప్పుడు కూడా ఇలాగే దిగారా ఫాదర్ గారూ?" అన్నారు. డ్రైవరన్న నా బదులు, దిగామండి అని చెప్పాడు.

సామాన్లకు డబ్బు తీసుకుని, మూడవ రోజు కూలి ఆయన తీసుకోలేదు. రోగుల బండి అన్నారు. వచ్చేముందు డ్రైవరన్నను పక్కకు పిలిచి ఒక మాట చెప్పారు. వేడి ముల్లు పైకి పోయి ఉన్నట్టుండి కిందికి పడితే చల్లారిందని సంతోషించవద్దు, నీళ్లన్నీ కారిపోయి సెండరుకు తగిలే నీళ్లే లేకపోయినా అలాగే పడుతుంది అని.

ఫిబ్రవరిలో మళ్లీ అదే ఘాటు ఎక్కాము. నర్సమ్మగారు, ఇద్దరు యౌవనస్థులు, నేను. నేను ముందు మెట్టు మీద కూర్చుని రోడ్డు చూడకుండా ముల్లునే చూస్తున్నాను. మారేడుమిల్లి దాటాక 85 దగ్గర ఉన్నది మెల్లగా 95కు వచ్చింది. డ్రైవరన్న ఏమీ అనకుండా ఒక వెడల్పు మలుపులో బస్సు పక్కకు తీసి, ఇంజను ఆపకుండా మెల్లగా తిరగనిచ్చాడు.

"పది నిమిషాలు ఆగుదామండి అయ్యగారూ."

"ఆగుదాం అన్నయ్యా" అన్నాను. వెదురులో గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. ఎవరూ మూత దగ్గరకు పోలేదు. ముల్లు 85కు దిగాక ఆయనే గేరు వేశాడు. ఆ రోజు ఊరిలో చివరి రోగిని చూసేసరికి దీపాలు పెట్టే వేళ అయింది.