అరసవల్లిలో దంతపు పెట్టె

గత రథసప్తమికి అరసవల్లి పోయితిని. శ్రీకాకుళము పట్టణము నానుకొనియున్న యీ యూరిలో మా పెద్దమ్మగారి యిల్లు దేవాలయమునకు దగ్గఱనే యున్నది. తెల్లవారకమునుపే తలపై జిల్లేడాకు లుంచుకొని స్నానము చేసి, జనసమ్మర్దములో చాలసేపు నిలిచి, శ్రీ సూర్యనారాయణస్వామిని దర్శించుకొంటిమి. నునుపైన నల్లరాతి మూర్తి యది. మార్చి, అక్టోబరు నెలలలో కొన్ని దినములు ఉదయకిరణములు స్వామి పాదములను తాకునని చదువరు లెఱిగినదే.

ఇల్లు చేరి, ఆవుపిడకలపై పాలు పొంగించి, చిక్కుడాకులలో పరమాన్నము నివేదించితిమి. పిమ్మట పెద్దమ్మగారి క్రొత్తకోడలు భోషాణము తెఱచి, పాతగుడ్డలో చుట్టిన చిన్నపెట్టెను బయటకు తీసినది. "నేడు సూర్యుని పండుగ గదా, దీనిని గూడ ఎండ బెట్టెదను" అని మేడమెట్ల వైపు నడచినది. నా గుండె గుభిల్లుమన్నది. "వలదమ్మా!" అని కేకవేసి చేయి పట్టుకొంటిని.

పదియేండ్ల ప్రాయమున ఆ పనినే నేను చేసితిని. మాసిపోయినదని కుంకుడుపులుసుతో కడిగి, ఎండలో నుంచితిని. సాయంకాలమునకు మూతమీది దంతపురే కొకటి చీలి పైకి లేచినది. ఆనాడు పెద్దమ్మగారు నన్నొక్కమాటయు ననలేదు. ఊడిన ముక్కను మాత్రము పెట్టెలోనే దాచిరి. అది నేటికిని అందులోనే యున్నది.

ఇది విశాఖపట్టణపు పని. అచ్చటి పనివారు పదునెనిమిదవ శతాబ్దమునుండి దొరలకొఱకు కుర్చీలు, బీరువాలు, వ్రాతబల్లలు, నగలపెట్టెలు చేసిరి. ఈ పనిలో రెండు తెఱగులు గలవు. రోజ్‌వుడ్డు వంటి గట్టి కఱ్ఱలో గాడి తొలిచి, అందులో దంతపుముక్కను సరిగా కూర్చుట పొదుగుడు. చందనపు పెట్టెపై పలుచని దంతపురేకులను అతికి, చెక్క కానరాకుండ కప్పుట తాపడము. రెండింటను దంతముపై సన్నని గీతలు చెక్కి, నల్లని లక్కతో నింపి, పైపై లక్కను తుడిచివేయుదురు. గీతలలో నిలిచినదే చిత్రమగును. అంచుల తీగలును పూవులును మన కలంకారీ వస్త్రముల యంచులను తలపించును. తరువాతి కాలమున కొమ్ము, తాబేటిచిప్ప, ఏదుముండ్లు గూడ వాడిరి. ఇట్టి పెట్టెలు లండనులోని విక్టోరియా ఆల్బర్టు మ్యూజియములో భద్రముగా నున్నవి.

నా పెట్టె యేల చీలినది? చెక్కయు దంతమును తేమకు ఉబ్బును, ఎండకు ముడుచుకొనును. కాని రెండును ఒకే తీరున ముడుచుకొనవు. ఆ పెనుగులాటలో పలుచని రేకు ఓడిపోవును. వేడికి లక్కయు మెత్తబడును. స్వామి పాదములను తాకిన కిరణమే పెట్టెకు శత్రువగుట వింతగాదు. రాతి స్వభావము వేఱు, దంతపు స్వభావము వేఱు.

ఇదంతయు విని కోడలు, "పోనిండు, క్రొత్తరేకు వేయింతుము" అన్నది. ఆ దారియు లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును, దాని తరువాతి సవరణలును దంతపు వ్యాపారమును నిషేధించినవి. ఏనుగుల ప్రాణములు దక్కుటకు అది తగినదే. కావున ఉన్నదానిని కాపాడుకొనుటయే మన పని.

సోదరీమణులారా! మీ యింట నిట్టి వస్తువున్నచో నీటితో కడుగకుడు, నూనె పూయకుడు, ఎండకును పొయ్యికిని దూరముగా నుంచుడు. మెత్తని పొడిగుడ్డతో దుమ్ము తుడిచిన చాలును. ఊడిన ముక్క యెంత చిన్నదైనను పాఱవేయకుడు.

కోడలు పెట్టెను మరల గుడ్డలో చుట్టి భోషాణములో నుంచినది. పెద్దమ్మగారు నా వంక జూచి నవ్వి, "ఇన్నాళ్లకు నీ తప్పు ఒకరికి పనికివచ్చినదే" అనిరి.