రాకెట్ లీగ్ - లెక్కలోకి రాని మూడో మనిషి

ఫుట్ బాల్ ని కార్లతో ఆడితే ఎలా ఉంటుంది? వినడానికి సంక్రాంతి సెలవుల్లో పిల్లలు పెరట్లో కనిపెట్టిన ఆటలా ఉంటుంది కదా! రాకెట్ లీగ్ అంటే సరిగ్గా అదే. అటు ముగ్గురు, ఇటు ముగ్గురు, కారు కన్నా పెద్ద బంతి, ఐదు నిమిషాల టైము. కార్లు గెంతుతాయి, గోడలెక్కుతాయి, వెనకనుంచి మంట చిమ్ముకుంటూ గాల్లోకి లేస్తాయి. ఆఫ్ సైడ్ లేదు, ఫౌల్ లేదు, బంతి బయటికి పోవడమన్నదే లేదు. ఎదుటివాణ్ణి వేగంగా గుద్దితే వాడి కారు పేలిపోయి, మూడు సెకన్ల తర్వాత మళ్ళీ పుడుతుంది. రిఫరీకి ఉద్యోగమే లేని ఆట అన్నమాట.

దీన్ని సయోనిక్స్ అనే అమెరికన్ కంపెనీ 2015 జూలైలో విడుదల చేసింది. అంతకు ముందు 2008లో ఇదే ఆలోచనతో, పలకడానికి ఊపిరి చాలనంత పొడుగు పేరుతో ఒక ఆట తెచ్చారు గానీ అది పెద్దగా ఆడలేదు. అదే ఆలోచనని వదలకుండా ఏడేళ్ళ తర్వాత మళ్ళీ తెచ్చి హిట్టు కొట్టారు. 2019లో ఎపిక్ గేమ్స్ వాళ్ళు ఆ కంపెనీని కొనేశారు. 2020 సెప్టెంబర్ నుంచి ఆట ఉచితం.

మా జట్టు గురించి కూడా చెప్పాలి. నేను హైదరాబాద్ లో, మా బావమరిది వైజాగ్ లో, కాలేజీలో నా రూమ్మేటు డాలస్ లో. మాకు శనివారం పొద్దున్న కాఫీ టైము, వాడికి శుక్రవారం రాత్రి భోజనాలయ్యాక. ఫోన్లో అయితే "ఏరా ఎలా ఉన్నావ్", "బానే ఉన్నా" తర్వాత మాటలు వెతుక్కోవాలి. ఈ ఆట ఆడుతూ మాత్రం గంటన్నర మాట్లాడుకుంటాం. నాకు దీనిమీద ఉన్న అభిమానంలో సగం అందుకే.

ముందు మంచి సంగతులు

ఒకటి, ఇందులో డబ్బుతో గెలవలేం. అల్టిమేట్ టీమ్ లాంటి వాటిలో ప్యాకెట్లు కొనుక్కుంటూ పోతే మంచి ఆటగాళ్ళు తగిలే అవకాశం పెరుగుతుంది. ఇక్కడ మీరు వేలు పోసి కొన్నా వచ్చేది రంగులు, చక్రాలు, టోపీలు మాత్రమే. అన్ని కార్లకీ గరిష్ఠ వేగం ఒకటే. బంతికి తగిలే ఆకారంలో మాత్రం కొద్దిగా తేడాలుంటాయి. కారు కొత్తదైనా పాతదైనా నడిపేవాడు నడిపేవాడే.

రెండు, అదృష్టం పాత్ర చాలా తక్కువ. బంతిని ఏ కోణంలో, ఏ వేగంతో, కారు ఏ మూలతో కొట్టామన్నదే లెక్క. మీ ఆటగాడికి షూటింగ్ 88, పాసింగ్ 79 అని నంబర్లేమీ ఉండవు. ఆటగాడివి నువ్వే, నీ వేళ్ళే.

మూడోది మన కులవృత్తికి సంబంధించింది. సర్వర్ లో ఫిజిక్స్ సెకనుకి 120 సార్లు లెక్కవుతుంది. తుది తీర్పు సర్వర్ దే. కానీ ఆ తీర్పు వచ్చేదాకా ఆగితే ఆట నత్తనడక నడుస్తుంది కాబట్టి, మన మెషీనే కార్లూ బంతీ ఎటు పోతాయో ముందుగా ఊహించి చూపిస్తుంది. తప్పితే సర్వర్ మాట విని సర్దుకుంటుంది. దీని గురించి 2018 జీడీసీలో సయోనిక్స్ ఇంజనీర్ ఒకాయన చక్కటి ప్రసంగం ఇచ్చారు. డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్ మీద పనిచేసేవాళ్ళు ఆట ఆడకపోయినా సరే, అది చూడండి.

ఇక తిట్లు

పైన చెప్పిన ఊహ ఎంత గొప్పదైనా సముద్రాలని పూడ్చలేదు. హైదరాబాద్ కీ డాలస్ కీ మధ్య పింగ్ రెండొందల మిల్లీసెకన్లు దాటుతుంది. ఎవరికి దగ్గరున్న సర్వర్ తీసుకుంటే వాళ్ళకి సుఖం, మిగతావాళ్ళకి బంతి భూతంలా మాయమై ఇంకోచోట తేలడం. మేము వంతులేసుకున్నాం. ఈ వారం వాడి బాధ, వచ్చే వారం మా బాధ.

రెండోది మర్యాద. ఆటలో టైపు చెయ్యక్కర్లేకుండా ఒక బటన్ తో పంపే మెసేజీలున్నాయి. అందులో "వాట్ ఎ సేవ్!" అన్నది మెచ్చుకోడానికి పెట్టారు. ఆచరణలో మాత్రం మీరు గోల్ వదిలేసిన మరుక్షణం వచ్చే వెక్కిరింత అది. వరసగా కొట్టేస్తే ఆటే కొన్ని సెకన్లపాటు నోరు మూయిస్తుంది. తొమ్మిదో తరగతి చదివే మా మేనల్లుడు ఈ వెక్కిరింతలకి ఏడ్చి ఆట పీకేశాడు. తర్వాత ఎదుటి జట్టు చాట్ కనపడకుండా సెట్టింగ్ మార్చి ఇచ్చాను, ఇప్పుడు హాయిగా ఆడుకుంటున్నాడు. పిల్లలకి ఇచ్చేముందు ఆ పని చెయ్యండి.

మూడోది యాజమాన్యం. డబ్బు పెట్టి ఆట కొనుక్కున్నవాళ్ళున్నారని తెలిసీ 2020 మార్చిలో మ్యాక్, లినక్స్ వాళ్ళకి ఆన్ లైన్ ఆట ఆపేశారు. 2023 డిసెంబర్ లో ఆటగాళ్ళు ఒకరికొకరు వస్తువులు ఇచ్చిపుచ్చుకోవడం తీసేశారు. ఏళ్ళ తరబడి చిన్న చక్రం ఇచ్చి పెద్ద చక్రం తీసుకుంటూ పోగేసినవాళ్ళ సరదా ఒక్క అప్డేట్ తో పోయింది. వేరేవాడి సర్వర్ లో ఉన్నది మనది కాదని మనకంటే బాగా తెలిసినవాళ్ళెవరు లెండి.

అసలు సంగతి

ఇవన్నీ ఒక ఎత్తు, స్కోర్ బోర్డ్ ఒక ఎత్తు. గోల్ కొడితే 100 పాయింట్లు. గోల్ ఆపితే 50, గోల్ కి పాస్ ఇస్తే 50. గెలిచిన జట్టులో ఎక్కువ పాయింట్లున్నవాడికి కిరీటం. బాగానే ఉంది కదా అనిపిస్తుంది. కానీ గమనించండి, పాయింట్లు దాదాపు అన్నీ బంతిని ముట్టుకుంటేనే.

ఈ ఆటలో గెలుపు ముట్టుకోకపోవడంలోనే ఉంది. కొత్తవాళ్ళు ముగ్గురూ బెల్లం చుట్టూ ఈగల్లా బంతి వెంటపడతారు. తెలిసినవాళ్ళు వంతులు తిరుగుతారు. ఒకడు బంతి మీదికెళతాడు, రెండోవాడు పాస్ కోసం కాచుకుంటాడు, మూడోవాడు వెనకుండి గోల్ చూసుకుంటాడు. కొట్టినవాడు పక్కకి తప్పుకుని వెనక్కొస్తాడు. గాల్లోకి లేవడానికి కావలసిన ఇంధనం కూడా అంతే. మైదానంలో నిండా నింపే పెద్ద గుళికలు ఆరే. వాటికోసం పోకుండా దారిలో ఉన్న చిన్నవాటితో సరిపెట్టుకుంటేనే వెనక కాపలా కుదురుతుంది. ఇలా తప్పుకున్నందుకు, ఆగినందుకు, సరిపెట్టుకున్నందుకు పాయింట్లు సున్నా.

మా డాలస్ వాడు ఆ మూడో మనిషి. ఆట అయ్యాక చూస్తే మా బావమరిదికి 600, నాకు 400, వాడికి 120. ఎదుటివాళ్ళు వాణ్ణి వెక్కిరిస్తారు. మా బావమరిదైతే "బావా, మీ ఫ్రెండ్ ని మనమే మోస్తున్నాం" అనేవాడు. ఇంతలో వాళ్ళకి పాప పుట్టింది, రెండు నెలలు సెలవు పెట్టాడు. ఆ స్థానంలో మాకన్నా పై ర్యాంకులో ఉన్న మా ఆఫీసు కుర్రాడొచ్చాడు. భలే ఆడతాడు, గాల్లోనే గోల్స్ కొడతాడు. మా గోల్స్ పెరిగాయి, మేము తిన్న గోల్స్ ఇంకా పెరిగాయి. రెండు నెలల్లో డైమండ్ నుంచి ప్లాటినంకి దిగాం. ఆ తర్వాత బావమరిది నోట మళ్ళీ ఆ మాట రాలేదు.

తమాషా ఏంటంటే, ఆటకి ఈ సంగతి తెలుసు! ర్యాంకు లెక్క గెలుపోటముల మీదే నడుస్తుంది, ఈ పాయింట్లతో దానికి సంబంధం లేదు. కానీ తెరమీద మాత్రం ఆ పాయింట్లనే చూపిస్తుంది, కిరీటం కూడా వాటికే పెడుతుంది. మనుషులు ఏది కనపడితే దానికోసమే ఆడతారు.

ఇది చదువుతుంటే మీకు అప్రైజల్ గుర్తొస్తే నా తప్పు కాదు. ఒక పాత ప్రాజెక్టులో మాతో ఒకావిడ ఉండేవారు. అర్ధరాత్రి జాబులు ఆగిపోకుండా ముందే చూసుకునేవారు, కొత్తగా వచ్చినవాళ్ళ కోడు ఓపిగ్గా సరిచేసేవారు. ఏదీ తగలబడలేదు కాబట్టి ఆర్పినట్టు రికార్డు లేదు. ఏడాది చివర రేటింగ్ "ఫర్వాలేదు" అని వచ్చింది. ఆవిడ ఒక్క మాట అనకుండా కంపెనీ మారిపోయారు. తర్వాత రాత్రిళ్ళు ఫోన్లు మాకొచ్చాయి.

సయోనిక్స్ వాళ్ళకి ఇదేమీ కష్టమైన పని కాదు. వాడు మైదానంలో ఉన్నంతసేపు జట్టు ఎన్ని గోల్స్ వేసింది, ఎన్ని తిన్నది అని నెల మొత్తానికి ఒక్క వరస చూపిస్తే చాలు. అది వచ్చేదాకా మీ జట్టులో మూడో మనిషెవరో మీరే కనిపెట్టుకోండి. కనిపెట్టాక ఆ మాట వాడితో పైకి చెప్పండి, స్కోర్ బోర్డ్ ఎలాగూ చెప్పదు.