రవ్వకూ ఓ లెక్కుంది!

'అన్నా, బండి ఎనభై దాటుతలేదు. ఈ సీడీఐ తీసేసి ఓపెన్‌ది పెట్టు.'

కోనరావుపేటలో ఓ మెకానిక్ షెడ్డు. కార్బురేటర్ కాలం నాటి ఆ బండి కుర్రాడి తండ్రిది. సిరిసిల్లలో సాంచాల పనికి పోవడానికి ఆ ఇంటికి అదే ఆధారం.

మెకానిక్ పానా కింద పెట్టాడు.

'మీ నాయిన సాంచ నడుపుతడు కద తమ్మీ. పడుగు తెరుచుకోకముందే నాడె ఉరికితే ఏమైతది?'

'పోగులు తెగుతయ్.'

'ఇంజన్‌ల గూడ గంతే.'

నిజమే. నిమిషానికి 6,000 చుట్లంటే సెకనుకు 100. పెట్రోలు పూర్తిగా మండటానికి కాస్త వ్యవధి కావాలి. అందుకే పిస్టన్ పైకి చేరేలోపే ప్లగ్గు రవ్వ విసరాలి. వేగం పెరిగేకొద్దీ ఇంకాస్త ముందుగా! ఆ సమయం చూసుకునేది సీడీఐ. కంపెనీ దానికో హద్దు పెడుతుంది. అది దాటితే కొన్ని బండ్లలో రవ్వే ఆగిపోతుంది.

రవ్వ ఆలస్యమైతే లాగుడు తగ్గి, వేడి సైలెన్సర్ పాలవుతుంది. మరీ ముందైతే పైకొస్తున్న పిస్టన్‌ను మంట వెనక్కి తోస్తుంది. పాత బుల్లెట్లు కిక్ కొట్టిన కాలినే ఎదురు తన్నేది ఇందుకే. అలాగే నడిపితే ఇంజన్ కొట్టుకుంటుంది, పిస్టన్‌కు చిల్లు పడినా పడొచ్చు. హద్దు తీస్తే కొన్ని బండ్లు ఇంకాస్త ఉరుకుతాయి. ఇంజన్ అరుగుదలా పెరుగుతుంది.

కుర్రాడు మాట్లాడలేదు. మెకానిక్ ప్లగ్గు తుడిచి, గ్యాప్ సరిచేసి, ఎయిర్ ఫిల్టర్ దులిపాడు. ఒక్క కిక్కుకే బండి అందుకుంది.

'ఎనభై ఎందుకు తమ్మీ? పొద్దుగాల మీ నాయిన టైముకు పనికి అందితే చాలదా?'