కిటికీకి 120 రూపాయలు

మన కాలేజీలో స్టార్టప్ అంటే యాప్ అనే అర్థం. ఎవరైనా పిచ్ చేస్తున్నారంటే మొదటి స్లైడులో లోగో, రెండో స్లైడులో మార్కెట్ సైజు ఉండాలి. మేం పెట్టినదానికి లోగో లేదు. మార్కెట్ సైజు అంటే మా పార్ట్‌నర్ స్కూటీలో పెట్రోలు ఎంత దూరం వస్తే అంత: నిజాంపేట, ప్రగతినగర్, బాచుపల్లి. ఈ మూడు చోట్లా అపార్టుమెంట్లకి కొదవ లేదు, వాటి మధ్య ఇంకా కడుతున్న అపార్టుమెంట్లకీ కొదవ లేదు. ఒక బిల్డింగ్ పూర్తయ్యేలోపు పక్క బిల్డింగ్ కిటికీలన్నీ సిమెంటు దుమ్ముతో తెల్లగా అయిపోతాయి. అంతకంటే మంచి మార్కెట్ నేనైతే ఏ స్లైడులోనూ చూడలేదు.

సెకండియర్ మొదలైన నెలలో నేనూ, నా బెంచ్‌మేటూ కలిసి కిటికీలు తుడిచే పని మొదలుపెట్టాం. శనివారం సాయంత్రం, ఆదివారం పొద్దున. అంతే. ఇంటర్నల్స్ ఉన్న వారం సెలవు.

పెట్టుబడి ఫస్టియర్ నుంచే వచ్చింది. ఇంజినీరింగ్ గ్రాఫిక్స్ అయిపోయాక డ్రాఫ్టర్‌తో మనకి ఏం పని? డ్రాఫ్టర్లు, వర్క్‌షాప్ యాప్రాన్లు, పుస్తకాలు అన్నీ జూనియర్లకి అమ్మేశాం. తలా 1,750 రూపాయలు వేసుకుంటే 3,500 అయింది. బేగంబజార్ వెళ్లి 14 అంగుళాల గ్లాస్ వైపర్ 480కి, చిన్న కిటికీలకి 6 అంగుళాలది 220కి తెచ్చాం. అద్దం తడపడానికి బొచ్చు తొడుగు 350, పొడుగు పోల్ 850, బ్లేడులతో సహా స్క్రేపర్ 180, పది మైక్రోఫైబర్ గుడ్డలు 400, రెండు బకెట్లు 260. తెల్ల వెనిగర్ 5 లీటర్ల క్యాన్ 240, గిన్నెలు తోమే లిక్విడ్ 110, రెండు స్ప్రే బాటిళ్లు 120, పెయింట్ బ్రష్ 50. మిగిలిన 240తో విజిటింగ్ కార్డులు. పాత టూత్‌బ్రష్‌లు మాత్రం మా అమ్మ స్పాన్సర్ చేసింది.

(వైపర్‌ని తెలుగులో ఏమంటారని ఎడిటర్ అడిగింది. ఏమీ అనరు, వైపరే అంటారు. ఇంగ్లిష్‌లో దాని అసలు పేరు స్క్వీజీ అని నాకూ యూట్యూబ్ చూశాకే తెలిసింది. ఇప్పుడు అందరూ వాడే తేలికపాటి మోడల్‌కి ఇటలీ నుంచి అమెరికా వెళ్లి కిటికీలు తుడిచి బతికిన ఎటోరె స్టెకోన్ అనే ఆయన 1936లో పేటెంట్ తీసుకున్నాడు. అంతకుముందు వైపర్లు బరువుగా ఉండేవట. పని చేసేవాడే పనిముట్టు కనిపెట్టాడన్నమాట.)

మొదటి రెండు వారాలు మా రెండిళ్ల కిటికీలే తుడిచాం. మా అమ్మ దగ్గర్నుండి చూసింది. "పండక్కి ఒక్క కిటికీ తుడవరా అని పదిసార్లు చెప్పినా లేవనివాడివి, ఊళ్లోవాళ్ల కిటికీలు తుడుస్తానంటున్నావా?" అంది. దీనికి నా దగ్గర జవాబు లేదు.

తుడవడంలో ఏముంది అనుకుంటాం కానీ దీనికీ ఒక వరస ఉంది. ముందు మెష్ తీసి బయట పెట్టాలి. తర్వాత కిటికీ జారే పట్టీల్లోని దుమ్ముని పొడి బ్రష్‌తో లాగేయాలి. నీళ్లు ముందే పోస్తే ఆ దుమ్మంతా బురదై మూలల్లో కూర్చుంటుంది. తర్వాత ఫ్రేమ్, చివర్లో అద్దం. చాలా స్లైడింగ్ కిటికీల్లో అద్దం పలకని పైకెత్తి కింది అంచుని లోపలికి లాగితే ఊడి చేతికొస్తుంది, కాబట్టి బయటివైపు కూడా గదిలోనే కూర్చుని తుడవొచ్చు. ఊడిరాకపోతే గ్రిల్ సందులోంచి చెయ్యి ఎంత అందితే అంతే. గ్రిల్ దాటి ఒంగడం లేదు, సన్‌షేడ్ మీద కాలు పెట్టడం లేదు. ఈ కండిషన్ మా ఇద్దరి అమ్మలు పెట్టింది. హైటెక్ సిటీలో తాళ్లకి వేలాడుతూ అద్దాల బిల్డింగులు తుడిచేవాళ్లు వేరే లెవెల్, వాళ్లకి బెల్టులు, ట్రైనింగ్ ఉంటాయి. మాకు ఒక పోల్, కొంచెం భయం ఉన్నాయి.

అసలు సమస్య దుమ్ము కాదు, నీళ్లు. మా ఏరియాలో చాలా అపార్టుమెంట్లకి బోరు నీళ్లే దిక్కు. పై ఫ్లోర్‌లో మొక్కలకి పోసిన నీళ్లు కింది ఫ్లోర్ అద్దం మీద పడి ఎండిపోతాయి. నీళ్లు పోతాయి, అందులోని కాల్షియం తెల్ల మచ్చగా మిగిలిపోతుంది. ఫస్టియర్ కెమిస్ట్రీ ల్యాబ్‌లో ఈడీటీఏ పెట్టి నీళ్ల హార్డ్‌నెస్ కనుక్కుంటాం చూడండి, వైన్ రెడ్ నుంచి బ్లూకి మారేదాకా బొట్టుబొట్టుగా వదలడం, అదే ఇది. ఆ రోజు రికార్డులో రాసుకుని మర్చిపోయాను. ఇప్పుడు రోజూ కళ్లముందే ఉంటోంది. ఆ మచ్చకి వెనిగర్‌లో తడిపిన గుడ్డ అంటించి పావుగంట వదిలేయాలి. కొంతమంది బాత్రూం యాసిడ్ వేయమంటారు. అది అల్యూమినియం ఫ్రేమ్‌ని తినేస్తుంది, మన ఊపిరితిత్తులకీ మంచిది కాదు. వెనిగర్ కూడా కిటికీ గట్టు మార్బుల్‌ది అయితే దాని మీద పడకుండా గుడ్డ పరవాలి. గ్రానైట్ అయితే పర్లేదు.

ఇంకోటి, ఆర్వో ఫిల్టర్ నుంచి వచ్చే వేస్ట్ వాటర్ పట్టి ఉంచి "ఇవి వాడండి బాబూ" అంటారు. ఇల్లు తుడవడానికి ఓకే, అద్దానికి మాత్రం వద్దు. ఫిల్టర్ వదిలేసిన ఉప్పులన్నీ అందులోనే ఉంటాయి. అదే ఏసీ పైపు నుంచి కారే నీళ్లున్నాయే, అవి బంగారం. గాల్లోని తేమే నీళ్లయింది కాబట్టి అందులో ఉప్పులు దాదాపు ఉండవు. చివరి కడుగు దాంతో కడిగితే మచ్చ రాదు.

ఎండ కూడా చూసుకోవాలి. అద్దం మీద నేరుగా ఎండ పడుతుంటే వైపర్ కిందికి దిగేలోపే సబ్బునీళ్లు ఎండి చారలు పడతాయి. అందుకని తూర్పు కిటికీలు సాయంత్రం, పడమటివి పొద్దున. ఆపరేటింగ్ సిస్టమ్స్‌లో షెడ్యూలింగ్ చెప్తున్నప్పుడు నాకు ఇవే గుర్తొస్తుంటాయి. ఫోన్‌లో "మీ కిటికీలు ఎటువైపు ఉంటాయండీ?" అని అడిగితే అందరూ ఠక్కున "ఈస్ట్ ఫేసింగ్" అంటారు, గర్వంగా. అది మెయిన్ డోర్. వాస్తు ప్రకారం డోర్ ఎటుందో అందరికీ తెలుసు, బెడ్రూం కిటికీ ఎటుందో అడిగితే మాత్రం లేచి వెళ్లి చూసొస్తారు.

రేటు చదరపు అడుగుకి ఇంత అని చెప్తే ఎవరికీ అర్థం కాదు. అందుకని స్లైడింగ్ కిటికీకి 120, బాల్కనీ డోర్‌కి 200, బాత్రూం వెంటిలేటర్‌కి 40 పెట్టాం. మామూలు డబుల్ బెడ్రూం ఫ్లాట్‌లో ఆరు కిటికీలు, ఒక డోర్, రెండు వెంటిలేటర్లు. మొత్తం 1,000. పెట్రోలుకి, సామానుకి 100 తీసేస్తే మిగిలిన 900లో సగం సగం. టైం రెండున్నర గంటలు.

ముందు అపార్టుమెంట్ వాట్సాప్ గ్రూపుల్లో ఇంగ్లిష్‌లో ప్రొఫెషనల్ విండో క్లీనింగ్ సర్వీసెస్ అని పెట్టించాం. ఒక్క రిప్లై రాలేదు, ఒక అంకుల్ గుడ్ మార్నింగ్ ఫొటో కింద కొట్టుకుపోయింది. వారం తర్వాత తెలుగులో "ఇంజినీరింగ్ చదువుతున్న ఇద్దరం కుర్రాళ్లం, ఆదివారాలు కిటికీలు శుభ్రం చేస్తాం" అని పెట్టాం. రెండు రోజుల్లో 11 ఫోన్లు. అందరిదీ దాదాపు ఒకటే డైలాగ్: "చదువుకుంటూ పని చేస్తున్నారా, గ్రేట్ బాబూ." ఒకాయన మా వల్ల వాళ్లబ్బాయికి అరగంట క్లాస్ పీకాడు. ఆ అబ్బాయి సోఫాలోంచి నన్ను చూసిన చూపు ఇంకా మర్చిపోలేదు.

ఇంట్లో మాత్రం నాన్న "చేస్తే చెయ్యి, చుట్టాలకి చెప్పకు" అన్నారు. తర్వాత ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించాను. ఆన్‌లైన్‌లో ఫ్రీ, ఆధార్, పాన్ ఉంటే చాలు. కస్టమర్లు ఒక్కరూ అది అడగలేదు కానీ నాన్నకి బాగా పనికొచ్చింది. ఆ సర్టిఫికెట్‌ని ఫ్యామిలీ గ్రూపులో పెట్టి "మావాడు ఎంఎస్ఎంఈ స్టార్ట్ చేశాడు" అని రాశారు. కిటికీల సంగతి అందులో లేదు.

ప్రగతినగర్‌లో ఒక పెద్ద అపార్టుమెంట్‌లో రెండు లిఫ్టులున్నాయి. పనివాళ్లు, డెలివరీవాళ్లు సర్వీస్ లిఫ్టే వాడాలని బోర్డు. నా మెడలో కాలేజీ ఐడీ, చేతిలో బకెట్. వాచ్‌మన్ అంకుల్ ఐడీ చూశాడు, బకెట్ చూశాడు, మళ్లీ ఐడీ చూశాడు. "మీరు ఇటు పోండి సార్" అని మెయిన్ లిఫ్ట్ చూపించి, "బకెట్ మాత్రం అటు పంపిస్తా" అన్నాడు. మా బకెట్ ఒంటరిగా సర్వీస్ లిఫ్ట్‌లో వచ్చింది. ఐదో ఫ్లోర్లో మేం దాన్ని రిసీవ్ చేసుకున్నాం. నవ్వీ నవ్వీ మావాడికి కళ్లల్లో నీళ్లు.

ఆ ఫ్లాట్‌లోనే అక్క పరిచయమైంది. అక్కడ గిన్నెలు, ఊడ్చి తుడవడం చేస్తుంది. నెలకి 2,500. మేం పట్టీల్లో బ్రష్ తిప్పుతుంటే కాసేపు చూసి, "గట్ల కాదు బిడ్డా" అని చీపురుపుల్లకి తడిగుడ్డ చుట్టి మూలలో ఒక్కసారి తిప్పింది. మేం పదినిమిషాలుగా కుస్తీ పడుతున్న మురికి మొత్తం గుడ్డకి అంటుకుని వచ్చేసింది. ఇప్పుడు మేం అలాగే చేస్తున్నాం.

పనయ్యాక ఆంటీ మాకు డైనింగ్ టేబుల్ మీద కప్పుల్లో టీ ఇచ్చింది. అక్కకి బాల్కనీలో, విడిగా పెట్టిన స్టీలు గ్లాసులో. వెయ్యి రూపాయలు ఫోన్‌పే చేసి, "మిగతా బ్లాకుల వాళ్లకీ మీ గురించి చెప్తా" అంది. నిజంగానే మంచావిడ. ఆ మాట ఇక్కడ రాయకపోతే అన్యాయం.

లిఫ్ట్ దగ్గర అక్క అడిగింది, "ఎంతిచ్చిండ్రు?"

చెప్పాను.

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత నవ్వింది. "నాలుగేండ్ల సంది గా ఇంట్ల పండుగకు కిటికీలు తుడిచేది నేనే. దానికని అలగ్ ఒక్క రూపాయి ఇయ్యలే. దసరాకొక చీర, గంతే." "అడగలేదా అక్కా?" అన్నాడు మావాడు. "అడిగితే, పండుగ పనికి గూడ పైసలా అంటరు. మీరంటే ఇంజినీర్లు."

ఇంటికొచ్చాక ఇద్దరం ఆ సంగతి మాట్లాడుకోకుండా ఉండలేకపోయాం. వెనిగర్ పెట్టడం, వైపర్ లాగడం మాకు యూట్యూబ్ రెండు వారాల్లో నేర్పింది. అక్కకి ఆ మూలల పని యూట్యూబ్ ఏమీ నేర్పలేదు. మరి ఆ 1,000లో కిటికీకి ఎంత, మా మెడలో ఉన్న ఐడీ కార్డుకి ఎంత? లెక్కలో నేను వీకేం కాదు కానీ ఇది విడదీయడం నాకు రాలేదు. మా ఇంట్లో పనిచేసే ఆంటీ కూడా ఉగాదికి కిటికీలు తుడుస్తుంది. అమ్మని అడిగితే, "బోనస్ ఇస్తాంగా" అని వంటింట్లోకి వెళ్లిపోయింది. ఈ ఉగాదికి కిటికీల డబ్బు వేరే అని నేను ఒప్పించాను. నాన్న "నీ కంపెనీ నుంచి ఇవ్వు" అన్నారు. సరే అన్నాను.

మర్నాడు అక్కకి ఫోన్ చేసి ఆదివారాలు మాతో వస్తావా అని అడిగాం. దానం చేద్దామని కాదు. ముగ్గురైతే ఫ్లాట్ గంటన్నరలో అయిపోతుంది, పొద్దున రెండు ఫ్లాట్లు చేయొచ్చు. తలా 300 చొప్పున రెండిళ్లకి 600. మాకు ముందొచ్చే 450 కంటే అదే ఎక్కువ. అక్క రెండు ప్రశ్నలు అడిగింది. పైసలు ఎవరి ఫోన్‌కి వస్తాయి, ఆరోజే పంచుతారా. రెండూ మా ఈ-సెల్ జడ్జిలు అడగాల్సిన ప్రశ్నలు.

మూడో ఆదివారం బాచుపల్లిలో ఒకావిడ మమ్మల్ని, వెనకాల మెష్‌లు పట్టుకున్న అక్కని చూసి, "ఆవిడా చేస్తుందా? మరి రేటు తగ్గిస్తారుగా?" అంది. అక్క చేతులు ఆగిపోయాయి. మావాడు "రేటు మనిషికి కాదాంటీ, కిటికీకి" అన్నాడు. ఆవిడ ఇంకేం అనలేదు, పూర్తి డబ్బులిచ్చింది. మర్సటి వారం మాత్రం అక్క నంబరు ఎలాగో సంపాదించి, "వాళ్లతో ఎందుకు, నువ్వొక్కదానివే రా, మొత్తానికి 500 ఇస్తా" అందట. అక్క "కిటికీకి 120 అమ్మా, నేనొచ్చినా గంతే" అని ఫోన్ పెట్టేసింది. మాకు చెప్తూ తెగ నవ్వింది, కానీ ఆ 500 వదులుకోవడం ఆవిడకి నవ్వులాట కాదని మాకూ తెలుసు. ఆ ఇంటి నుంచి మళ్లీ ఫోన్ రాలేదు.

సంక్రాంతికి ఇప్పటికి తొమ్మిది ఇళ్లు బుక్ అయ్యాయి. అందులో రెండు అక్క పనిచేసే ఇళ్లే. పండగ ముందు మాకు సెమిస్టర్ పరీక్షలు పడేలా ఉన్నాయి, పడితే ఆ వారం అక్క, వాళ్ల చెల్లెలు చూసుకుంటారు. అందుకని అక్క తనకంటూ ఒక వైపర్ కొనుక్కుంది. అదే బేగంబజార్, అదే 14 అంగుళాలది. మేం 480 పెట్టి తెచ్చినదాన్ని బేరమాడి 400కి తెచ్చింది.