290 వాట్లలో ఎంత ఆట?

తార్నాకలో ఆటో ఎక్కినప్పటి నుంచి పార్క్‌లేన్‌లో దిగేదాకా మా మేనల్లుడు ఆ సీపీయూను ఒళ్లోంచి దించలేదు. డెల్ ఆప్టిప్లెక్స్ 9020, మినీ టవర్. ఏదో ఆఫీసువాళ్లు పాతవి తీసేస్తుంటే మా అక్క కొన్నది. లోపల నాలుగో తరం ఐ5-4570, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. స్విచ్ వేసి టీ కాచుకుని వచ్చినా డెస్క్‌టాప్ కనిపించేది కాదు. వాడికేమో వాలరెంట్ ఆడాలని, సెలవుల్లో దోస్తులతో జీటీఏ 5 ఆడాలని కోరిక. అక్క పది వేలు లెక్కపెట్టి నా చేతికే ఇచ్చింది, వాడి చేతికి ఇవ్వలేదు.

చెనాయ్ ట్రేడ్ సెంటర్ అన్న పూర్తి పేరుతో పిలిచేవాళ్లు తక్కువ. సికింద్రాబాద్‌లో సీటీసీ అంటే చాలు, ఆటోవాలా ప్యారడైజ్ వైపు తిప్పేస్తాడు. నేను మొదటి అసెంబుల్డ్ కంప్యూటర్ కట్టించుకున్నది ఇక్కడే. అప్పట్లో నెట్ సెంటర్లలో గంటల లెక్కన కౌంటర్ స్ట్రైక్ 1.6, వైస్ సిటీ ఆడి, ఇంట్లో క్రికెట్ 07 ఆడుకోవడానికని ఈ మెట్లెక్కాను. ఇప్పుడు ఏ దుకాణం అద్దాల్లో చూసినా రంగురంగుల లైట్లు తిరిగే ఫ్యాన్లు. అయినా ఓ చేతిలో స్క్రూడ్రైవర్, మరో చేతిలో టీ గ్లాసు పట్టుకున్న మెకానిక్కులు అప్పటిలాగే ఉన్నారు. నాకు అదే పెద్ద ధైర్యం.

మొదటి కౌంటర్‌లో కుర్రాడు డబ్బా వంక చూసి, మూతైనా తీయకుండా, "ఇది వేస్ట్ సార్, కొత్తది తీస్కోండి" అన్నాడు. మేనల్లుడి మొహం వాడిపోయింది. తెరిచి చూడకుండా తీర్పు చెప్పే చోట డబ్బు పెట్టకూడదన్నది నా నియమం. పై అంతస్తుకు వెళ్లాం.

అక్కడ రిపేర్ బల్ల ముందు కూర్చున్న నడివయసు మనిషి మొదట అడిగింది బడ్జెట్ కాదు. "ఏం గేమ్స్ ఆడ్తవ్ తమ్మీ? మానిటర్ ఎంతది?" అన్నాడు. 1080పీ మానిటర్ అని వాడు చెప్పగానే మూత తీశాడు. దుమ్ము ఊది, పవర్ సప్లై మీదున్న చీటీ మీద వేలు పెట్టాడు. "290 వాట్లు. మన లెక్క ఇక్కడి నుంచే సురూ."

ఈ మాట పాత బ్రాండెడ్ డెస్క్‌టాప్ ఉన్న ప్రతి ఇంటికీ చేరాలి. మామూలు మదర్‌బోర్డులకు 24 పిన్నుల కరెంటు ప్లగ్గు ఉంటుంది. ఈ డెల్‌కు ఉన్నది 8 పిన్నులది, దాని పద్ధతే వేరు. కాబట్టి బజార్లో దొరికే ఏదో ఒక పవర్ సప్లై తెచ్చి నేరుగా తగిలించలేం. ఉన్న 290 వాట్లతోనే సర్దుకోవాలి. గ్రాఫిక్ కార్డు దూరే పొడవాటి స్లాట్ 75 వాట్లు ఇస్తుంది. విడిగా పవర్ వైరు అడగకుండా ఆ 75లోనే నడిచే కార్డు కావాలి.

మేనల్లుడు ఫోన్‌లో చూసి పెట్టుకున్న పేరు జీటీ 1030. మెకానిక్ తల అడ్డంగా ఊపాడు. ఆ పేరుతో రెండు రకాలున్నాయి. జీడీడీఆర్5 మెమరీతో వచ్చింది సెకనుకు 48 జీబీ డేటా లాగుతుంది. 2018లో డీడీఆర్4తో వచ్చింది 17 జీబీ కూడా లాగదు. పెట్టె మీద మాత్రం రెండింటికీ ఒకటే పేరు! కొనేవాడు చిన్న అక్షరాలు చదవకపోతే వాడి ఖర్మ అని వదిలేసి ఇలాంటి పేర్లు పెట్టడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. జీటీఎక్స్ 750 టీఐ, 1050 టీఐ కూడా తక్కువ కరెంటుతో నడిచేవే కానీ, ఎన్విడియా వాటికి కొత్త గేమ్ డ్రైవర్లు 2025 అక్టోబర్‌తో ఆపేసింది. చివరికి తేలింది జీటీఎక్స్ 1650, 4 జీబీ, సెకండ్ హ్యాండ్. 2019లో వచ్చిన కార్డు. అందులోనూ పవర్ ప్లగ్గు అడిగేవి ఉన్నాయి. అది లేనిదాన్నే వెతికి తీశాడు.

సెకండ్ హ్యాండ్ అనగానే నా గుండెలో రాయి పడింది. పాత చిప్పుకు కొత్త కార్డు పేరు ఎక్కించి అమ్మే మోసాలు జరుగుతూనే ఉన్నాయి. ఆ మాటే అడిగాను. ఆయన నొచ్చుకోలేదు. తన బల్ల మీది కంప్యూటర్‌లో కార్డు పెట్టి, జీపీయూ-జెడ్ తెరిచి చూపించాడు. ఉచితంగా దొరికే ఈ ప్రోగ్రాం నకిలీని పసిగడితే పేరు పక్కనే ఫేక్ అని రాసేస్తుంది. తర్వాత ఫర్‌మార్క్ అనే పరీక్ష ప్రోగ్రాం పెట్టి ఇరవై నిమిషాలు కార్డును వేడెక్కించాడు. ఫ్యాన్ తిరిగింది, తెర మీద గీతలు పడలేదు. ఆ ఇరవై నిమిషాలూ మేనల్లుడు అక్కణ్నుంచి కదల్లేదు.

మిగతా పని త్వరగా అయింది. ఒంటరిగా ఉన్న 4 జీబీ స్టిక్కు తీసేసి, రెండు 8 జీబీ పాత డీడీఆర్3 స్టిక్కులు జంటగా వేశాడు. జంటగా ఉంటే ప్రాసెసర్‌కు రెండు దారులు తెరుచుకున్నట్టే. విండోస్ కోసం 256 జీబీ ఎస్ఎస్‌డీ పెట్టాడు, పాత హార్డ్ డిస్క్‌ను సినిమాలకూ ఫొటోలకూ ఉంచాడు. ప్రాసెసర్ మీద ఎండి అట్టకట్టిన పేస్టు గీకి కొత్తది రాశాడు. బిల్లు పదివేలకు కాస్త లోపే నిలిచింది.

ఒక సంగతి మాత్రం ఆయన దాచలేదు. "అన్నా, దీన్ల విండోస్ 11 ఎక్కదు. ఎనిమిదో జనరేషన్ నుంచే అడుగుతది." విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. నమోదు చేసుకున్న ఇళ్ల కంప్యూటర్లకు భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 దాకా వస్తాయి. ఆ తర్వాత దీన్ని ఆటలకే ఉంచి, బ్యాంకు పనులు ఇంకోదాంట్లో చేసుకొమ్మన్నాడు. అమ్ముకునేవాడు ఈ మాట చెప్పడం నాకు నచ్చింది.

ఇంటికొచ్చి స్విచ్ వేస్తే ఇరవై సెకన్లలోపు డెస్క్‌టాప్ వచ్చింది. వాలరెంట్‌లో, సెట్టింగులు తగ్గించి పెడితే, ఫ్రేముల లెక్క వంద దాటింది. జీటీఏ 5 మామూలు సెట్టింగుల్లో అరవై దగ్గర నిలకడగా ఆడింది. ఈ ఏడాది వచ్చిన పెద్ద ఆటలు దీంట్లో ఆడవు. నాలుగు కోర్ల ప్రాసెసర్ నుంచి అంతకంటే ఆశించడం తప్పు.

మీ ఇంట్లోనూ ఇలాంటి డబ్బా ఒకటి మూలన పడి ఉంటే పాతసామాన్లవాడికి వేసే ముందు మూత తీయండి. పవర్ సప్లై మీది చీటీ చదవండి, ఖాళీ స్లాట్లు లెక్కపెట్టండి. సీటీసీకి వెళ్లేటప్పుడు ఫొటో చాలదు, డబ్బాతో సహా వెళ్లండి. మూత తీయకుండా ధర చెప్పిన కౌంటర్‌ను దాటి ముందుకు నడవండి.